సున్నా రాసిన కొండ

గత నెల మా కాలేజీ పాతికేళ్ళ పండగలో నాకు శాలువా కప్పారు. శాలువాతో పాటు ఒక గాజు పలక ఇచ్చారు. దాని మీద బంగారు రంగు అక్షరాలతో ‘కొండను కాపాడిన గురువర్యులకు’ అని రాసి ఉంది. వేదిక మీద మాట్లాడిన ఐదుగురిలో ముగ్గురికి ఆ కొండ ఎటువైపు ఉందో తెలియదు. ఒకాయన దాన్ని మందస దాకా నెట్టేశాడు. ఇంకొకాయన అక్కడ దట్టమైన అడవి ఉందన్నాడు. నేను చేతులు జోడించి పది నిమిషాలు మాట్లాడాను. ప్రకృతి అన్నాను, తల్లి అన్నాను, భావితరాలు అన్నాను. ఇంటికి వచ్చాక ఆ పలకను బీరువా మీద పెట్టబోతే చెయ్యి రాలేదు. ఇప్పుడది మంచం కింద పాత పేపర్ల కట్ట పక్కన ఉంది.

ఆ కొండను నేను కాపాడలేదు. అక్కడ ఒక్క మొక్క కూడా లేదని రాసి సంతకం పెట్టినవాణ్ణి నేను. ఈ సంగతి ఒకప్పుడు చాలామంది విన్నారు, గుర్తుపెట్టుకున్నది ఇద్దరే. ఒకడు నా బావ, ఆ కాగితం నా చేత రాయించినవాడు. రెండో మనిషి ఆ కొండ కింద చీపుర్లు కట్టుకునే ఒక ముసలావిడ. బావ చెప్పడు. ముసలావిడ చెబుతూనే ఉంది గానీ ఆవిడ మాట ఎవరూ రాసుకోరు. అందుకని నేనే రాస్తున్నాను.

నేను పలాసలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బోటనీ చెబుతాను. పలాస నుంచి టెక్కలి వెళ్ళే హైవే దిగి కొంచెం లోపలికి పోతే గడ్డి బీడు వస్తుంది. గేదెలు, మేకలు మేసే చోటు. ఆ బీడు మధ్యలో నుంచి కొండ లేస్తుంది. తూర్పు వైపు వాలుగా ఉంటుంది, లేదా ఉండేది. పాత క్వారీ దాన్ని ఎప్పుడో తినేసింది. పడమటి వైపు నిలువు గోడ. ఎర్రగా, పొరలు పొరలుగా, అక్కడక్కడ అరచెయ్యంత మెట్లతో ఉంటుంది. చుట్టుపక్కల అందరూ దాన్ని ఇసకరాయి అంటారు, చేత్తో రుద్దితే ఇసకలా రాలుతుంది గనక. పుస్తకాల ప్రకారం దానికి వేరే పేరుంది. మొక్కలకు ఆ పేరుతో పనిలేదు. వాటికి కావలసింది చిన్న బీట, ఆ బీటలో చిటికెడు మన్ను, ఏడాదికి నాలుగు నెలలు తడి.

మాది వజ్రపుకొత్తూరు వైపు, ఉద్దానంలో కొబ్బరి తోటల ఊరు. ఉద్దానం వాళ్ళకి మొక్కల విషయంలో ఉన్న పొగరు ఇంకెవరికీ ఉండదు. పచ్చగా ఉన్నదంతా మాది, మాది కానిదంతా బోడి. మా నాన్న దృష్టిలో కొబ్బరి, జీడి, పనస, మునగ అనేసరికి మొక్కల జాబితా అయిపోయేది. మిగిలినవి కలుపు, మేత, పొయ్యిలో పుల్లలు. నేను బోటనీలో ఎమ్మెస్సీ చేసి వచ్చినా ఆ జాబితా నా తలలోంచి పోలేదు. పైన లాటిన్ పేర్లు పేర్చుకున్నాను, అంతే. పెద్ద తుఫాను వచ్చిన ఏడాది మా తోటలో చెట్లన్నీ ఒకే వైపుకి తలపెట్టి వరసగా పడుకున్నాయి. జీడి చెట్లు వేళ్ళతో సహా పైకి లేచాయి. కొన్ని రోజుల తర్వాత టెక్కలి వెళ్తూ ఈ కొండను చూశాను. గోడ మీద అడ్డంగా పెరిగిన చెట్టు ఒకటి, దానికి ఒక కొమ్మ కూడా విరగలేదు. పక్కన కూర్చున్న మా ఊరాయనతో, అక్కడ విరగడానికేముంది అని నవ్వాను. ఆయనా నవ్వాడు. తోటలన్నీ పోగొట్టుకుని బస్సులో వెళ్తున్న ఇద్దరం, నిలబడ్డదాన్ని చూసి నవ్వాం.

మూడేళ్ళ కిందట శివరాత్రి దాటాక బావ ఫోను చేశాడు. బావ అంటే మా అక్క మొగుడు. కంకర క్వారీల వాళ్ళకి లీజు కాగితాలు తయారుచేసి పెట్టడం ఆయన పని. పడమటి గోడకి కొత్త లీజు అడుగుతున్నారట. దరఖాస్తుతో పాటు అక్కడి వృక్షసంపద గురించి ఒక నివేదిక ఉండాలి, బోటనీ చదివినవాడి సంతకం ఉండాలి. మన చేతిలో మనిషుండగా బయటివాణ్ణి ఎందుకు బతిమాలడం అన్నాడు. సరే అన్నాను.

ఆదివారం పూట బావ బండి మీద వెళ్ళాం. పదకొండయింది. ఎండ అప్పటికే బీడులోకి దిగింది, నేల తిరిగి మా మొహాల మీదకి విసురుతోంది. బావ దగ్గరున్న ఫారంలో గళ్ళున్నాయి. ఛాతీ ఎత్తులో కొలిచే చుట్టుకొలత ఇంతకు మించిన చెట్లు ఎన్ని, పండ్ల చెట్లు ఎన్ని, పంటలు ఏమిటి, కలప ఏమిటి. చివర ‘ఇతరములు’ అని వేలెడంత గడి. ఆ ఫారం తయారుచేసినవాడు కూడా మా నాన్న లాంటివాడే అయుండాలి.

అప్పుడు నా కళ్ళ ముందు ఏముందో ఇప్పుడు చెప్పాలి. అప్పుడు చెప్పలేదు గనక.

గోడ మధ్యలో, మనిషి చెయ్యి అందని చోట, కొండగోగు చెట్టు ఒక్క ఆకు లేకుండా నిండా పూసి ఉంది. అరచెయ్యంత పసుపు పూలు. ఆ చెట్టు పైకి పెరగలేదు, రాతిలోంచి పక్కకు వచ్చి మోచెయ్యి మడిచినట్టు తిరిగింది. దానికి ఛాతీ ఎత్తు ఎక్కడో ఏ ఫారమూ చెప్పదు. దాని కింద నల్లేరు తీగ నాలుగు పలకల కాడలతో వేలాడుతోంది. పై అంచున బొమ్మజెముడు. పగుళ్ళ వెంట చీపురుగడ్డి దుబ్బులు, ఒక దుబ్బుకీ ఇంకో దుబ్బుకీ మధ్య బారెడు ఖాళీ రాయి. ఆ ఖాళీ అంతా ఖాళీ కూడా కాదు, బూడిద రంగు, తుప్పు రంగు రాతిపూత, అంటే లైకెన్లు, పట్టి ఉంది, కొన్ని మచ్చలు నా కన్నా వయసులో పెద్దవి. మెట్ల మీద పొడి మట్టిలో నక్కఉల్లి గడ్డలు ఆకు లేకుండా నిద్రలో ఉన్నాయి. ఇక అడుగుకొకటి చొప్పున, మూసిన పిల్లల పిడికిళ్ళలా, గోధుమ రంగులో ముడుచుకుపోయిన చిన్న మొక్కలు. వాటిని తిరునాళ్ళలో సంజీవని అని అమ్ముతారు. ప్రతి ఏడాదీ మొదటి సంవత్సరం క్లాసులో నేను అలాంటిదాన్ని ఒకటి గాజు గిన్నెలో వేసి నీళ్ళు పోస్తాను. పీరియడు అయ్యేసరికి విచ్చుకోవడం మొదలుపెడుతుంది, మధ్యాహ్నానికి పచ్చగా ఉంటుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. నేను దాన్ని నేనే కనిపెట్టినట్టు నిలబడతాను.

అవన్నీ చూశాను. చూడలేదని చెప్పుకునే వీలు నాకు లేదు. బావతో, ‘ఇతరములు’లో కొన్ని రాయాలేమో అన్నాను.

“ఏటి బావా, ఆ కొండ మీద నీకు కొబ్బరి సెట్టు కనిపిత్తందేటి? జీడి సెట్టు? నేదు కదా. మరి సున్నా ఎట్టీ, ఎల్లిపోదాం. ఎండ సూడు.”

నన్ను ఎవరూ బెదిరించలేదు. చేతిలో ఎవరూ ఏమీ పెట్టలేదు. ఎండగా ఉంది, ఆకలేస్తోంది, ఆ మొక్కలు లెక్కలోకి తీసుకోదగ్గవని నాకు లోపల ఎక్కడా అనిపించలేదు. గడి గడికీ సున్నా పెట్టాను. ‘ఇతరములు’ దగ్గర, ‘బోడి రాయి, చెప్పుకోదగ్గ వృక్షసంపద లేదు’ అని రాశాను. దస్తూరి బాగుందని బావ మెచ్చుకున్నాడు.

గోడ నీడలో ముసలావిడ అప్పటికే కూర్చుని ఉంది, ఎండిన గడ్డిపుల్లలు సమంగా దువ్వి కట్టలు కడుతూ. మేము వచ్చిన దగ్గర్నుంచి చూస్తూనే ఉంది. ఏం రాస్తున్నావని అడిగింది. కొండ మీద మొక్కలు లెక్కపెడుతున్నానని చెప్పాను.

“కొండెక్కకుండానే లెక్కయిపోనాదేటి బాబూ?”

బావ పెద్దగా నవ్వి బండి తీశాడు. నేనూ నవ్వాను.

వైశాఖంలో ప్రజల అభిప్రాయం వినడానికి సభ పెట్టారు. కొండ కింద పల్లెలో బడి ఆవరణలో షామియానా వేశారు. పెద్ద అధికారి మధ్యలో, ఆయనకి అటూ ఇటూ చిన్న అధికారులు. నన్ను ఒక చివర కూర్చోబెట్టి ముందు ‘నిపుణులు’ అని అట్ట పెట్టారు. లీజు అడుగుతున్నవాళ్ళు రోడ్లు అన్నారు, ఉద్యోగాలు అన్నారు. నా నివేదిక చదివి వినిపించారు. మైకులో ‘బోడి రాయి’ అన్న మాట విన్నప్పుడు జనంలో కొందరు నవ్వారు. కారణమేమిటో నాకప్పుడు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, ఆ పల్లెలో చీపుర్లు కట్టే ఇళ్ళవాళ్ళు ఏడాదికి రెండు నెలలు ఆ బోడి రాయి మీదే ఉంటారు. కోసిన గడ్డిని పలాస, టెక్కలి, సోంపేట సంతల్లో అమ్ముకుంటారు. గోడ పోతే వాళ్ళకి ఆ పని పోతుంది. వాళ్ళకి వేరే భూమి లేదు.

ముసలావిడ లేచి వేదిక దగ్గరికి వచ్చింది. చేతిలో సత్తు గిన్నె. అధికారి ముందు బల్ల మీద గిన్నె పెట్టింది. అందులో ముడుచుకున్న మొక్కలు నాలుగో ఐదో ఉన్నాయి, చూడ్డానికి ఎండిన పేడ ఉండల్లా. ఇవి కొండవి, ఏమీ లేదని రాశారు కాబట్టి తెచ్చాను అంది. అధికారి ఒకదాన్ని వేళ్ళతో పట్టుకుని చూసి నా వైపు తిరిగాడు. ఇదేమిటండీ అని అడిగాడు.

ఈ ఒక్క జవాబు కోసమే ఈ వ్యాసమంతా రాస్తున్నాను. నేను అన్నది ఇది: “ఎండిపోయిన నాచులాంటిది సార్. చచ్చిపోయింది.”

పదిహేనేళ్ళకు పైగా ఏటేటా పిల్లల ముందు దాన్ని బతికించి చూపించినవాణ్ణి, నా సంతకం నిలబెట్టుకోవడానికి ఒక్క మాటతో చంపేశాను. ముసలావిడకి కోపం రాలేదు. నా కుర్చీ ముందున్న నీళ్ళ సీసా వైపు చూసింది. కిడ్నీ జబ్బుల వల్ల మా ప్రాంతంలో బోరు నీళ్ళంటే అందరికీ అనుమానమే, కాబట్టి వేదిక మీద ఉన్న ప్రతి మనిషికీ మూత తియ్యని సీసా ఒకటి పెట్టారు.

“సచ్చిపోనాదన్నావు కదా బాబూ. నీల్లు పోసి సూడు.”

నేను కదలకపోతే అధికారే తన సీసా మూత తీసి గిన్నెలో పోశాడు. సరదాకి పోసి ఉంటాడు. ముసలావిడ వెళ్ళి వేదిక కింద నేల మీద కూర్చుంది. సభ జరుగుతూనే ఉంది. ఎవరెవరో మాట్లాడారు. నేను ఒక్క మాట వినలేదు, గిన్నె వైపే చూస్తున్నాను. మొదట అంచులు వదులయ్యాయి. తర్వాత ఒక్కో రెమ్మ వెల్లకిలా పడటం మొదలైంది. విచ్చుకోవద్దని మనసులో బతిమాలుకున్నాను. ఒక మొక్క బతకకూడదని కోరుకున్న బోటనీ మాస్టారు మన జిల్లాలో నేనొక్కణ్ణే అయుంటాను. పులిహోర పొట్లాలు పంచి, అందరూ తిని, చేతులు కడుక్కుని వచ్చేసరికి గిన్నె నిండా పచ్చగా పరుచుకుని ఉంది. జనం బల్ల చుట్టూ మూగారు. పిల్లల తల్లులు పిల్లల్ని ఎత్తి చూపిస్తున్నారు.

అధికారి మళ్ళీ నా వైపు తిరిగాడు. చచ్చిపోయిందన్నారు కదా అన్నాడు.

అప్పుడైనా తప్పైందని ఒప్పుకుని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. నేను లేచాను, గొంతు సవరించుకున్నాను, మైకు తీసుకున్నాను. ఇదే సార్ నేను చెప్పబోతున్నది అన్నాను. ఈ జాతి మొక్కలు వేసవిలో చచ్చినట్టు పడి ఉంటాయి, తడి తగిలితే లేస్తాయి, ఇలాంటి గోడల మీద మాత్రమే బతుకుతాయి, ఇలాంటి చోట్లను కదపకూడదు అంటూ క్లాసు పాఠం మొత్తం చెప్పాను. ఎంత బాగా చెప్పానంటే నన్ను నేనే నమ్మాను. జనం చప్పట్లు కొట్టారు. ముసలావిడ కొట్టలేదు. నా మొహంలోకి చూస్తూ కూర్చుంది, సంతలో తూకం వేసేవాణ్ణి చూసినట్టు.

మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో వార్త వచ్చింది. గిన్నెలో మొక్కను బతికించి చూపిన లెక్చరర్ అని. ఫొటోలో గిన్నె, గిన్నె వెనక నేను. ముసలావిడ మోచెయ్యి మాత్రం ఒక మూల పడింది. విలేఖరి ఫోను చేసి నా వివరాలు అడిగాడు, ఇచ్చాను. ఆవిడ గురించి అడగలేదు, నేను చెప్పలేదు. లీజు దరఖాస్తు పక్కన పెట్టారని ఆ నెలలోనే తెలిసింది.

బావ వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత అక్కతో కలిసి మా ఇంటికొచ్చి ఆమె ముందే అన్నాడు.

“పొద్దున్న సంపీసినావు, మద్దేనానికి బతికించీసినావు. నువ్వు మాస్టరివి అవ్వడమేటి బావా, డాక్టరువి అవ్వాల్సినోడివి.”

బావ అంటే నాకు చులకన ఉండేది. ఇప్పుడు లేదు. ఆయన మొదటి నుంచి చివరిదాకా ఒకే పక్కన ఉన్నాడు. నేను మధ్యాహ్న భోజనానికి ముందు ఒక పక్క, తర్వాత ఒక పక్క.

పొగడ్త ఒంటబట్టినవాడు ఊరుకోడు. పాపం కడుక్కుంటున్నాననుకుని, అటవీ శాఖ వాళ్ళు అడగగానే ఆ గోడ మీద రెండో నివేదిక రాశాను. ఈసారి కొండ ఎక్కాను. వానాకాలమంతా ఎక్కాను. నాలుగు మేకులు, తాడు తీసుకెళ్ళి మీటరు చదరాలు వేసి ప్రతి చదరంలో ఉన్నదంతా రాశాను. సున్నా అన్నచోట అరవై దాకా మొక్కల పేర్లు వచ్చాయి. నలభై పేజీలు, రంగుల ఫొటోలు. మొదటి కాగితంలో ఏం రాశానో అందులో ఎక్కడా చెప్పలేదు. చివరి పేజీలో సిఫారసులు. ఆ నలభై పేజీల్లో మనుషుల ప్రస్తావన ఒకే ఒక చోట వస్తుంది: ‘మనుషుల రాకను పూర్తిగా నిరోధించాలి.’

నా సిఫారసు ఒక్కటైనా ఎవరైనా పాటిస్తారని నేను అనుకోలేదు. పాటించారు. కొండ చుట్టూ ముళ్ళ కంచె వేశారు, గేటు పెట్టారు, కాపలా మనిషిని పెట్టారు. బోర్డు మీద ‘ఏ మొక్కనూ కోయరాదు’ అని రాయించారు. గేటు పక్కన మొక్కలు నాటే కార్యక్రమం కూడా చేశారు. నాటింది కోనోకార్పస్. బీడు మధ్యలో, కంచె బయట, గేదెలు తినని పరదేశపు మొక్కను నాటి ఫొటో దిగాం. ఆ ఫొటోలోనూ నేనున్నాను.

చీపురుగడ్డి కోతకి ఒక పద్ధతుంది. గింజ ముదిరి, దాని ముల్లు బట్టలకి గుచ్చుకునే వేళ దాకా ముట్టరు. తర్వాత దుబ్బును ఎడమ చేత్తో బిగించి పట్టుకుని, మొదట్లో బెత్తెడు వదిలి కోస్తారు. కోసిన గడ్డిని కిందకి తేకుండా అక్కడే, ఆ మెట్ల మీదే, బీటల వైపు దులుపుతారు. గింజలు పగుళ్ళలో పడతాయి, కాలి బొటనవేలితో నొక్కుతారు. అప్పుడు కట్ట కడతారు. నేను చదరాలు వేసి లెక్కపెట్టినప్పుడు, దుబ్బులు బీటల వెంట అంత వరసగా ఎందుకున్నాయా అని ఆశ్చర్యపడి ‘సహజ వ్యాప్తి’ అని రాశాను. అది సహజంగా వచ్చింది కాదు, ఎన్ని తరాల బొటనవేళ్ళో.

కిందటేడు చలికాలం మొదట్లో, కోత వేళకి, ఆడవాళ్ళు కొడవళ్ళతో వెళ్ళారు. కాపలా మనిషి గేటు తియ్యలేదు. ముసలావిడ కంచె సందులోంచి దూరింది. ఆమె కొడవలి లాక్కుని ఆఫీసులో పెట్టేశారు. రెండ్రోజులకి ఆవిడ మా కాలేజీకి వచ్చింది. బస్సు దిగి, దారి అడుగుతూ అడుగుతూ వచ్చి, స్టాఫ్ రూము గుమ్మం దగ్గర చెప్పులు విప్పి నిలబడింది. నేను బయటికి వచ్చి, మా వైపు అక్కని పిలిచినట్టు పిలిచి, రూల్స్ అప్పా, నా చేతిలో ఏముంది, అడుగుతాలే అన్నాను. పక్కన తోటి మాస్టార్లు ఉన్నారు. ఆవిడ గొంతు పెంచలేదు.

“మొక్కలన్నీ గళ్ళు గళ్ళుగా రాసినావంట, మంచిదే. మమ్మల్ని ఏ గడిలో రాసినావు బాబూ?”

ఆవిడే ఇంకో మాట అంది. “మేం దులపకపోతే గింజెక్కడ పడతాది. గాలికి కిందకొచ్చి గేదెల కాళ్ళల్లో పడతాది.” చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. అడుగుతానన్న మాట నేను ఎవరినీ అడగలేదు. అడిగితే, నలభై పేజీలు రాసి ఈ సంగతి ఎలా వదిలేశారు మాస్టారూ అంటారు. మొదటి కాగితంలో మొక్కలు లేవని రాశాను, రెండో కాగితంలో మనుషులు లేరని రాశాను. రెండూ ఒకే దస్తూరి.

కొయ్యని గడ్డి గోడ మీద నిలువునా ఎండింది. ఎండాకాలంలో కింద బీడులో ఎవడో కాల్చి పడేసిన బీడీయో, మేత చిగురించాలని పెట్టిన మంటో, తెలియదు. ఏటా బీడు అంటుకుంటుంది, కొండ కాలి దగ్గర ఆగుతుంది. ఎక్కడానికి దానికి మెట్లు దొరికేవి కావు. మొన్నటి వేసవిలో దుబ్బు నుంచి దుబ్బుకి ఎగబాకి అంచుదాకా పోయింది.

కబురు తెలిసి వెళ్ళాను. గోడ సగం నల్లగా ఉంది. కొండగోగు చెట్టు మోచెయ్యి దగ్గర బెరడు పగిలి జిగురు కారుతోంది. రాతిపూత ఉన్న చోట రాయి పెంకులు లేచింది. ముడుచుకున్న మొక్కలు కొన్ని అలాగే ముడుచుకుని ఉన్నాయి. బతికున్నాయేమోనని సీసాలో నీళ్ళు పోశాను. గంటన్నర కూర్చున్నాను. వేలితో తాకితే మసి అయిపోయాయి. సభలో నేనన్న మాట ఇన్నాళ్ళకి నిజమైంది.

ఆ తర్వాత నాలుగైదు నెలలకే శాలువా.

శాలువా కప్పించుకున్న మర్నాడు ఏమీ చెయ్యలేదు. ఆ మర్నాడూ ఏమీ చెయ్యలేదు. మూడో రోజు బావ ఇంటికి వెళ్ళి మొదటి ఫారం నకలు అడిగాను. ఎందుకని అడిగి, చెప్పాక, పిచ్చెక్కిందేటి అన్నాడు. అక్క లోపలికి వెళ్ళి ఆ నకలు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ సున్నాలు, ఆ ‘బోడి రాయి’, కింద నా సంతకం. దానికి రెండు పేజీలు కొత్తగా జతచేశాను. గోడ మీది చీపురుగడ్డి ఉన్నది కోసేవాళ్ళ వల్లనని, కోత ఆపినందువల్లే మంట పైకెక్కిందని, గిన్నెలో మొక్కను తెచ్చింది, నీళ్ళు పొయ్యమన్నది ఎవరో, దాన్ని చచ్చిపోయిందన్నది ఎవరో రాశాను. అటవీ శాఖ రేంజి ఆఫీసులో ఇచ్చాను. అక్కడి అధికారి మంచివాడు. రెండుసార్లు చదివి, ఇప్పుడు ఇదంతా ఎందుకు మాస్టారూ, మీకే చెడ్డపేరు అన్నాడు. కమిటీ కూర్చోవాలి, పైకి రాయాలి, టైము పడుతుంది అన్నాడు. ఈలోగా ఈ ఏటి కోత వరకు, మీ పర్యవేక్షణలో అయితే గేటు తీయిస్తానన్నాడు. ఆవిడ కొడవలి అడిగితే బీరువాలోంచి తీసి ఇచ్చాడు. తుప్పు పట్టింది.

అందుకని గత సోమవారం పొద్దున్నే నేను గేటు దగ్గర నిలబడ్డాను. ఆడవాళ్ళు ఆరుగురు వచ్చారు, ముందు ముసలావిడ. కాపలా మనిషి నన్ను చూసి నమస్కారం పెట్టి తాళం తీశాడు. పేపర్లో చూశాను సార్ అన్నాడు. నలభై ఏళ్ళుగా ఎక్కుతున్న కొండకి ఆవిడని నా మొహం చూసి పంపించాడు. ఇంతకు మించిన అవమానం ఆవిడకి నేను ఏ కాగితంతోనూ చెయ్యలేదు. కొడవలి అందించాను. బొటనవేలితో పదును చూసి, పక్కనున్న రాయి మీద నాలుగుసార్లు గీసింది.

కాలని సగం వైపు ఎక్కాం. ముడుచుకున్న మొక్కలు అడుగడుక్కీ ఉన్నాయి. ఆడవాళ్ళెవరూ కిందకి చూడలేదు, ఒక్కదాన్నీ తొక్కలేదు. నేను చూసుకుంటూ నడిచి రెండు తొక్కాను. కాసేపటికి ముసలావిడ కొడవలి నా వైపు చాపింది. మీరు కదా పర్యవేక్షణ, కొయ్యండి అని వెనకున్న ఆవిడ అంది. అందరూ నవ్వారు.

దుబ్బు పట్టుకున్నాను. బిగించాను, కొడవలి వేసి లాగాను. గడ్డి తెగలేదు, దుబ్బు మొత్తం వేళ్ళతో సహా చేతిలోకి వచ్చింది. వేళ్ళ చుట్టూ గుప్పెడు నల్లటి మన్ను. ఆ రాతి మీద అంత మన్ను పోగవడానికి ఎన్నేళ్ళు పడుతుందో నా నలభై పేజీల్లోనే రాశాను. చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను.

“అన్నీ లెక్కెట్టీసినావు. ఒక్కటి కొయ్యడం రానేదేటి నీకు.”

దుబ్బును నా చేతిలోంచి తీసుకుంది. రాలిన మన్నంతా ఒక్క గింజ పోకుండా అరచేత్తో ఊడ్చి, తన సీసాలో నీళ్ళు కాసిని పోసి ముద్ద చేసి, వేళ్ళను మళ్ళీ బీటలో కూరి, మడమతో నొక్కింది. బతుకుతుందా అప్పా అని అడిగాను.

“నన్నడుగుతావేటి. బతికిందని రాసీకు. సచ్చిందనీ రాసీకు. వానలకొచ్చి సూడు.”

అప్పుడు గుర్తుండాలని జేబులోంచి సుద్దముక్క తీసి ఆ బీట పక్కన రాయి మీద చిన్న గీత పెట్టాను. ఆవిడ గీతను చూసింది, నన్ను చూసింది, వంగి కొంగుతో తుడిచేసి పై మెట్టుకి వెళ్ళిపోయింది.